రాసిపెట్టే చెయ్యి

ఎర్ణాకుళం,
1993 జూన్ 27, ఆదివారం

ఒసేయ్ లిస్సీ,

దేవుడి దయవల్ల నేనిక్కడ క్షేమం. అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను.

చేతిరాత చూసి కంగారుపడకు. ఇది షైని రాత. మా గది పిల్ల. ఇదే కాలేజీలో నేను బి.ఏ., తను మొన్న పది పాసై ప్రీడిగ్రీ మొదటి సంవత్సరం. కట్టప్పన కొండల మీద వాళ్ళకి మిరియాల తోట ఉంది. పుట్టి పదహారేళ్ళయినా ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదట. మన ఇంటికి పడవ తప్ప దారి లేదంటే నమ్మడం లేదు. నేను చెబుతుంటే తను రాస్తోంది. పెన్ను పట్టని నా చేతుల సంగతి, నా నోటి సంగతి నీకు తెలుసు కదా, మాట బయటికి వచ్చేసరికి కాళ్ళీడ్చుకుంటూ వస్తుంది. ఈ పిల్ల నన్ను అక్కని చేసుకుని రెండుసార్లు "ఏంటి చేచీ?" అంటుంది. మూడోసారి అడగడానికి సిగ్గుపడి తల ఊపేస్తుంది. నేను ఊరుకోను. "అయితే నేనేమన్నానో చెప్పు" అంటాను. అప్పుడు చూడాలి దాని ముఖం.

మన మోకాలి దెబ్బ కూడా నేర్పాను. నేను మోకాలితో బల్లని మూడుసార్లు కొడితే రాయడం మొదలుపెట్టాలని. మొదటిసారి కొట్టినప్పుడు ఫిట్స్ వచ్చాయనుకుని వార్డెన్ సిస్టర్‌ని పిలుచుకొచ్చింది.

నా గది కింది అంతస్తులోనే. గుమ్మానికి మూడు మెట్లు. వాటి మీద వడ్రంగి చేత పలక వేయించారు. అది ఎంత వాలుగా ఉందంటే, దిగేటప్పుడు నా చక్రాల కుర్చీ నన్ను వదిలేసి ముందే క్లాసుకి వెళ్ళిపోవాలని చూస్తుంది. మొదటిరోజు నలుగురు పట్టుకున్నారు. ఇప్పుడు ఇద్దరు చాలు. లైబ్రరీ మాత్రం మేడమీద ఉంది. నేను కింద కూర్చుని చీటీ పంపాలి. అడిగిన పుస్తకం బదులు వేరేది వస్తే అదే చదువుకోవాలి. అలా నిన్న పట్టుపురుగుల పెంపకం చదివాను.

ప్రిన్సిపాల్ సిస్టర్ పిలిచి, "ఇంతవరకు నీ పరీక్షలు ఎవరు రాసిపెట్టారు?" అని అడిగింది. "మా చెల్లెలు" అన్నాను. "నీకంటే కింది తరగతేనా?" "ఒక్క తరగతి కింద." "అదృష్టవంతురాలివి" అంది. ఆ అదృష్టాన్ని అప్పచ్చన్ కన్నకూతుళ్ళకి ఎలా తయారుచేశాడో ఆవిడకేం తెలుసు! ఏడాది చిన్నదానివైనా నాకు తోడని నిన్ను ముందే బళ్ళో వేసి, ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. పది పరీక్ష రాసిపెట్టేవాళ్ళు కింది తరగతి వాళ్ళే అయ్యుండాలని తెలిశాక, క్లాసులో ఫస్టు వచ్చే నిన్ను మళ్ళీ ఎనిమిదిలోనే కూర్చోబెట్టారు. ఇది చెబితే షైని పెన్ను ఆపి నోరెళ్ళబెట్టింది. "నోరు మూసి రాయి" అన్నాను.

ఇక్కడ రాసేవాళ్ళని కాలేజీయే ఇస్తుందట. చూద్దాం ఆ సంబడం. అమ్మచ్చికి చెప్పు, తన కూతురు ఇక్కడ తినే చేపల పులుసులో చేప ఈది వెళ్ళిపోయిన నీళ్ళు మాత్రమే ఉంటాయని.

నీ చేచి,
రోసమ్మ


కైనకరి,
1993 జూలై 11

ప్రియమైన చేచీ,

నీ ఉత్తరం అందింది. జవాబు నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఇది ఐదోది. ఎవరూ చెప్పకుండా కాగితం ముందు కూర్చోవడం నాకు అలవాటు లేదు.

నీళ్ళు రెండో మెట్టు దాకా వచ్చాయి. నీ మంచం మీద అమ్మచ్చి వడ్ల బస్తాలు పెట్టింది. నేను కాలేజీకి రోజూ అప్పచ్చన్ నడిపే లాంచీలోనే ఆలప్పుళ వెళ్తున్నాను. నిన్ను ఎక్కించుకునే మన రేవు దగ్గర ఆయన ఇప్పటికీ లాంచీని రెండు నిమిషాలు ఎక్కువ ఆపుతున్నాడు. నిన్న చేపలమ్మే కొచ్చన్నమ్మ, "ఎవరి కోసం ఆపావు మత్తాయీ, మీ పెద్దది ఎర్ణాకుళంలో ఉంది కదా?" అని అరిచింది. అందరూ నవ్వారు. అప్పచ్చన్ కూడా నవ్వాడు. మర్నాడు మళ్ళీ ఆపాడు.

"దేవుడి దయవల్ల" అని నువ్వు చెప్పావా? నువ్వెప్పుడూ అలా అనవు. ఆ మాట దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

ఇంకేం రాయాలో తెలియడం లేదు.

లిస్సీ


ఎర్ణాకుళం,
1993 సెప్టెంబర్ 19

లిస్సీ పిల్లా,

దొంగని పట్టేశావు. దేవుడి దయ షైని పెట్టింది. నేను "బాగానే ఏడ్చాను" అన్నాను. నిలదీస్తే, "ఉత్తరమంటే అలాగే మొదలవ్వాలి కదా చేచీ, మా అమ్మ అలాగే రాయిస్తుంది" అంది. నేను కారం చల్లిన చోటల్లా ఈ పిల్ల తేనె పూస్తోందని ఇప్పుడే తెలిసింది.

(మంచికే రాస్తున్నాను లిస్సీ చేచీ. మీ అక్క నోరు మామూలు నోరు కాదు. ఇట్లు షైని.)

చూశావా, నా ఉత్తరంలో దూరి నామీదే చాడీలు.

అసలు సంగతి విను. కాలేజీలో చిన్న పరీక్ష పెట్టారు. రాయడానికి ఆఫీసు వాళ్ళు ఒక అమ్మాయిని పంపారు. మంచి పిల్ల, ముత్యాల్లాంటి రాత. నేను మొదటి వాక్యం చెప్పాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాలితో కాదు, ఒక్క ముక్క అర్థం కాక. పావుగంటకి ఇద్దరం కలిసి ఒక వాక్యం దాటాం. ఆ తర్వాత ఆమె నాతో గట్టిగా, సాగదీసి మాట్లాడటం మొదలుపెట్టింది. "తల్లీ, చెవుడు నాకు లేదు" అందామనుకున్నాను. అది అర్థమవ్వడానికి ఇంకో పావుగంట కావాలి, ఊరుకున్నాను. యాభైకి పదకొండు వచ్చాయి. చరిత్ర మేడమ్ కాగితాలు ఇస్తూ, "చదవలేదా రోసమ్మా?" అంది.

నవ్వుతూ రాయిస్తున్నాను గానీ నవ్వు రావడం లేదు. వార్డెన్ సిస్టర్ పిలిచి మర్యాదగానే చెప్పింది. ఏప్రిల్లో ఏడాది పరీక్ష. అది దాటకపోతే వచ్చే ఏడు హాస్టల్లో చోటు చెప్పలేమంది. అంటే ఇల్లే. కిటికీ పక్కన కుర్చీ, కాలువలో బాతులు, ఎవరైనా వస్తే "పాపం, ఎంత తెలివైన పిల్లో" అనడం. లిస్సీ, నాకు ఆ కిటికీ అంటే ఎంత భయమో నీకు తెలుసు.

అందుకే ఇంకెవరూ వద్దు, షైనినే తయారుచేస్తానని ప్రిన్సిపాల్‌కి చెప్పాను. దాని పరీక్షలు మే నెలలో, అడ్డు లేదు. రోజూ సాయంత్రం గంటసేపు చెబుతాను, రాస్తుంది. నోట్సు చెబితే ఆవలిస్తుంది. ఉత్తరమైతే మన ఇంటి గోల తెలుస్తుందని హుషారుగా రాస్తుంది. కాబట్టి నీకు వచ్చే ఉత్తరాలన్నీ నా పరీక్ష సాధన అనుకో.

నీ చేచి


కైనకరి,
1993 అక్టోబర్ 3

ప్రియమైన చేచీ,

నీ ఉత్తరాలు నేను తలగడ కింద పెట్టుకుంటున్నాను. అవి సాధన అని నాకు తెలియదు. పరవాలేదు.

పదకొండు అని చదవగానే అమ్మచ్చి పొయ్యి ముందు అలాగే కూర్చుండిపోయింది. అప్పచ్చన్ "లిస్సీ ఉండుంటే" అన్నాడు. అంతే అన్నాడు.

నువ్వు చెబుతుంటే నేను ఏనాడూ రెండోసారి అడగలేదు. సగం మాటకే నాకు తెలిసిపోయేది. ఆ పిల్లకి ఎప్పటికి తెలుస్తుంది? ఏప్రిల్ అంటే ఎంతో దూరం లేదు.

లిస్సీ


ఎర్ణాకుళం,
1993 నవంబర్ 14

ఒసేయ్,

కార్డు కదా, చోటు లేదు. ఇవాళ ఒక పేజీ ఇరవై రెండు నిమిషాల్లో అయ్యింది. పోయిన నెల నలభై. షైని ఇప్పుడు ఒక్కసారే "ఏంటి?" అంటోంది. తలగడ కింద పెట్టుకునే ఉత్తరాలా ఇవి, పిచ్చి మొద్దూ? అందులో సగం అబద్ధాలు, షైని పెట్టిన దండాలు. క్రిస్మస్‌కి అప్పచ్చన్ వచ్చి తీసుకెళ్తాడు. బాతు కూర ఉండాలి.

రోసమ్మ


కైనకరి,
1994 ఫిబ్రవరి 13

ప్రియమైన చేచీ,

క్రిస్మస్‌కి ఉన్న ఆరు రోజులూ నువ్వు షైని కబుర్లే చెప్పావు. నేను చెప్పాలనుకున్నది చెప్పలేదు. ఎదురుగా ఉంటే నీ మాట వినడమే తప్ప నాకు ఇంకేదీ తోచదు.

పరీక్షల తేదీలు వచ్చాయి. నీ మొదటి పేపరు ఏప్రిల్ 11, సోమవారం మధ్యాహ్నం. నా ప్రీడిగ్రీ రెండో ఏడాది మొదటి పేపరు అదే రోజు పొద్దున. ఆలప్పుళలో రాసి ఎర్ణాకుళం రావడం కుదరదు. తర్వాతి నాలుగు పేపర్లూ అంతే.

నేను నీ దగ్గరికి వస్తాను. నాకు సెప్టెంబర్లో మళ్ళీ పెడతారు. నీకు అలా కాదు, మొదటిసారే దాటాలి. అప్పచ్చన్‌తో చెప్పాను. "ఎనిమిదిలో ఒక ఏడాది పోయింది, ఇంకోటి పోతే ఆకాశం ఊడిపడదులే" అన్నాడు. అమ్మచ్చి కూరలో రెండోసారి ఉప్పు వేసింది.

మా మోడల్ పరీక్షలు అయిపోయాయి. ఎండలు ముదిరాయి. పొలాల్లో నీళ్ళు తోడే మోటార్లు ఆపేశారు.

లిస్సీ


ఎర్ణాకుళం,
1994 ఫిబ్రవరి 27

ప్రియమైన లిస్సీకి,

నీ ఉత్తరం చదివి ఎంతో కదిలిపోయాను. నువ్వు శ్రమపడి ఇంత దూరం రావద్దని ప్రేమతో కోరుతున్నాను. షైని పేరు మీద యూనివర్సిటీ నుంచి అనుమతి కాగితం వచ్చింది. ఇక వేరే ఎవరూ నాకు రాయడానికి వీలులేదు. నీ త్యాగానికి నా హృదయపూర్వక కృతజ్ఞతలు. నీ చదువే నాకు ముఖ్యం. చక్కగా చదువుకుని నీ పరీక్ష రాయి. అప్పచ్చన్‌కి, అమ్మచ్చికి నమస్కారాలు.

ప్రేమతో,
రోసమ్మ


కైనకరి,
1994 మార్చి 13

చేచీ,

ఈ ఉత్తరం నీది కాదు.

త్యాగం, హృదయపూర్వకం, ఈ మాటలు నీ నోట నేనెప్పుడు విన్నాను? నువ్వే చెప్పుంటే "వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా" అని ఉండేది. అప్పచ్చన్‌కి నమస్కారాలట. ఆయన చదివి, "ఎవరిదే ఇది, పంచాయతీ ఆఫీసు నుంచి వచ్చిందా?" అన్నాడు. సిస్టర్లు పక్కన నిలబడి రాయించారో, షైని తనే రాసేసిందో నాకు తెలియదు. నువ్వు రమ్మని ఏడ్చినా ఆ పిల్ల "రావద్దని ప్రేమతో" అనే రాస్తుంది. నీ మాట ఏదో తన మాట ఏదో ఇక్కడినుంచి నేనెలా చెప్పగలను?

ఒకరి మాట మార్చి రాయకూడదు. రాసిపెట్టేవాళ్ళకి మొదట నేర్పేది అదే.

11 పొద్దున మొదటి లాంచీకి బయల్దేరతాను. మధ్యాహ్నానికి అక్కడ ఉంటాను.

లిస్సీ


ఎర్ణాకుళం,
1994 ఏప్రిల్ 24

లిస్సీ,

ఈసారి ఒక్క మాట మార్చినా ఈ కాగితం నమిలి మింగేస్తానని షైనితో చెప్పాను.

(మార్చడం లేదు. ఒట్టు. పోయినసారి తప్పు నాదే. రోసమ్మ చేచి చెప్పింది "వచ్చావంటే కాళ్ళు విరగ్గొడతా" అనే. బాగుండదని నేనే మార్చాను. షైని.)

నువ్వు బుద్ధిలేనిదానివి. రాయి షైనీ. బుద్ధి లేనిది. ఇంకోసారి రాయి.

పదకొండో తారీఖున వరండా చివర నాకు విడిగా గది ఇచ్చారు. నేను, షైని, కాపలాకి ఒక మేడమ్. రెండో ప్రశ్నలో ఉన్నాను. కిటికీలో అప్పచ్చన్ గొడుగు కనిపించింది. నల్లగొడుగుకి అమ్మచ్చి వేసిన పచ్చ అతుకు. ఎర్ణాకుళం మొత్తం వెతికినా అలాంటిది ఇంకోటి దొరకదు. దాని కింద ఉన్నది నువ్వేనని తెలియడానికి ముఖం చూడక్కర్లేదు. ఏడు నిమిషాలు నా నోట మాట రాలేదు. నేను చదివింది మర్చిపోయాననుకుని షైని నీళ్ళు తాగించింది, సగం నా ఒళ్ళో పోసింది. ఏడు నిమిషాలంటే నాకు ఎన్ని వాక్యాలో తెలుసా? ఎలాగో మోకాలితో బల్లని కొట్టి మళ్ళీ మొదలుపెట్టాను. బయటికొచ్చేసరికి గొడుగు లేదు. ఒక పిల్ల వచ్చి "లోపల రాయాల్సింది నేను" అందనీ, కాగితంలో పేరు లేదని వరండాలోంచే పంపేశామనీ గేటు దగ్గర కాపలాదారు చెప్పాడు.

సరే, వచ్చావు. చూశావు. షైని రాస్తోందని, నేను చెప్పగలుగుతున్నానని కళ్ళారా చూశావు. మర్నాటి నుంచి నీ పేపర్లు నాలుగు మిగిలే ఉన్నాయి కదా? సెలవులకి ఇంటికి రాకుండా ఇక్కడే ఉండిపోయాను కదా, నిన్న అప్పచ్చన్ కార్డు వచ్చింది. నువ్వు ఒక్కటి కూడా రాయలేదట. ఇంట్లో కూర్చుని బాతులకి నూకలు వేస్తున్నావట. మొదటిది నా కోసం పోయిందనుకుంటాను. మిగతా నాలుగు ఎవరి కోసం?

ఆదివారం ప్రసంగంలో ఫాదర్ నీ త్యాగం గురించి చెప్పాడట. ఊళ్ళో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. నేను ఒప్పుకోను. నా కుర్చీ మీద ఇప్పటికే నేనొకదాన్ని కూర్చున్నాను, నీ ఏడాది కూడా తెచ్చి నా ఒళ్ళో పెట్టకు.

నిజం రాయి.

రోసమ్మ


కైనకరి,
1994 మే 15

చేచీ,

ఫాదర్ ఆ ప్రసంగం చెప్పిన రోజు నేను చివరి వరుసలో ఉన్నాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. బెంచీ కింద దూరాలనిపించింది.

నిజం ఇది. జనవరిలో మోడల్ పరీక్ష మొదటి పేపరు. ప్రశ్నలన్నీ చదివినవే. పెన్ను మూత తీశాను. మార్జిన్ గీశాను. ఒకటి అని అంకె వేశాను. తర్వాత ఆగాను. ఎవరో చెబుతారని ఆగాను, చేచీ. చెయ్యి సిద్ధంగా ఉంది. మాట రాలేదు. చుట్టూ పెన్నుల చప్పుడు. చాలాసేపటికి గంట కొట్టారు. ఒక అంకె ఉన్న కాగితం ఇచ్చాను. సిస్టర్ నా నుదుటి మీద చెయ్యి పెట్టి "జ్వరమా?" అంది. తల ఊపాను. మిగతా రోజులు కూడా జ్వరమే అన్నాను.

పదో తరగతి ఎలా రాశానా అని అడుగుతావు. పరీక్షల ముందు నీకు చదివి వినిపిస్తే నువ్వు జవాబులన్నీ నాకు తిరిగి చెప్పేదానివి. హాల్లో నీ గొంతు గుర్తుచేసుకుని అదే రాసేదాన్ని. ప్రీడిగ్రీ మొదటి సంవత్సరమూ అంతే. ఈ ఏడాది పాఠాలు నీ గొంతులో లేవు.

అప్పుడే తేదీలు వచ్చాయి. నీదీ నాదీ ఒకే రోజు. నాకు ఎంత తెరిపిగా అనిపించిందో చెబితే నువ్వు నన్ను కొడతావు. నీ కోసం మానేస్తున్నానంటే ఎవరూ ఇంకేమీ అడగరు. అడగలేదు కూడా. ఎనిమిదిలో మళ్ళీ కూర్చోబెట్టినప్పుడు నాకు అన్యాయం జరిగిందని అందరూ అన్నారు. నువ్వూ అంటావు. నాకు మాత్రం నీ వెనక ఒక అడుగు దాక్కుని నిలబడటం బాగానే ఉండేది.

ఇంకొకటి. కిటికీలోంచి చూశాను. నువ్వు మాట్లాడుతుంటే షైని నీ ముఖంలోకి చూస్తోంది. అర్థం కాకపోతే పెన్ను పైకెత్తుతోంది. నువ్వు మళ్ళీ చెబుతున్నావు. ఆమె రాస్తోంది. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా తలెత్తి నిన్ను చూడలేదు. గేటు దాటి వచ్చేశాక కూడా అదే గుర్తొస్తోంది.

అమ్మచ్చికి, అప్పచ్చన్‌కి ఇంకా చెప్పలేదు. కాలు కాలిన పిల్లిలా గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను. సెప్టెంబర్ మాట తలుచుకుంటేనే అరచేతులు తడుస్తున్నాయి.

లిస్సీ


ఎర్ణాకుళం,
1994 జూన్ 26

లిస్సీ,

నీ ఉత్తరం నాకు షైనియే చదివి వినిపించింది. చివర్లో అది చదవడం ఆపి కాగితం నా ఒళ్ళో పెడితే నేనే కళ్ళతో చదువుకున్నాను. జవాబు ఆలస్యం చేశాను. ఫలితాలు రానీ అనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నేను చెప్పాల్సింది నీ దానికంటే కష్టమైనది. ఇది షైని చేత రాయించాలా వద్దా అని వారం రోజులు కుర్చీ చక్రాలు అరగదీశాను. రాయనీ. తనకీ తెలియాలి.

నువ్వు ఎందుకు తలెత్తలేదో నాకు తెలుసు. నీకు తీరిక ఉండేది కాదు. నేను "ఆ యుద్ధంలో ఓడిపోవడానికి కారణాలు" అని మొదలుపెట్టి ఊపిరి కోసం ఆగేదాన్ని. నువ్వు ఆగేదానివి కాదు. కారణాలు నువ్వే రాసుకుపోయేదానివి. మొదటిసారి పదో తరగతిలో. నేను రెండు చెప్పాను, కాగితం మీద నాలుగున్నాయి. ఆపాలి. ఆపలేదు. నాకు ఒక్కో మాట బండరాయి, నీ పెన్ను తెడ్డులా సాగిపోయేది. కాపలా మేడమ్‌కి నా మాట ఎలాగూ తెలియదు. ఆ తర్వాత అది అలవాటైపోయింది. కావాలనే ముందు ఆగేదాన్ని. నువ్వు ఏం రాస్తావో చూసేదాన్ని. చాలాసార్లు నేను అనబోయిన దానికంటే బాగుండేది.

ప్రీడిగ్రీలో నాకు నూటికి అరవై నాలుగు వచ్చినప్పుడు అప్పచ్చన్ లాంచీలో అందరికీ మిఠాయి పంచాడు గుర్తుందా? నేను ఒక్కటి కూడా తినలేదు. కడుపునొప్పి అన్నాను. నీకు జ్వరం, నాకు కడుపునొప్పి. మన ఇంట్లో రోగాలన్నీ ఇలాంటివే.

ఆ అరవై నాలుగులో నావెన్నో తెలియకుండానే ఈ కాలేజీకి వచ్చాను. మొదటి రోజు నుంచీ అదే గుబులు. అందుకే షైనిని పట్టుకున్నాను. దీనికి చరిత్ర ఒక్క ముక్క రాదు. నేను చెప్పనిది ఇది రాయలేదు. నిన్ను వద్దన్నది నీ మీద ప్రేమతో అనుకున్నావు కదా? సగం అదే. మిగతా సగం, నువ్వు వస్తే నేను మళ్ళీ ఆగిపోతానని భయం.

గురువారం ఫలితాలు వచ్చాయి. నలభై ఆరు. పాసయ్యాను. హాస్టల్లో గది ఉంది, పలక కూడా కాస్త పొడుగుది వేస్తామన్నారు. వార్డెన్ సిస్టర్, "ప్రీడిగ్రీ కంటే తగ్గిందేం?" అంది. నేను నవ్వితే ఆమెకి అర్థం కాలేదు. ఈ నలభై ఆరూ నావే, లిస్సీ. ఒక్కొక్కటీ నా నోట్లోంచి ఈడ్చుకుంటూ వచ్చినవే.

మరి ఆ మిగిలిన పద్దెనిమిది ఎవరివి? ఎవరూ చెప్పకుండా, తలెత్తకుండా, నా ఊపిరి తిరిగేలోగా రాసేసినవి? నీకు మాట రాదని ఇంకెవరికైనా చెప్పు. నేను పక్కన కూర్చుని చూసినదాన్ని.

తప్పు ఇద్దరం చేశాం. నాది తెలిసి చేసిన తప్పు. అది నేను మోసుకుంటాను. నువ్వు సెప్టెంబర్లో వెళ్ళి కూర్చో. మాట రాకపోతే మోకాలితో బల్లని మూడుసార్లు కొట్టు. ఆ పైన నన్ను తలుచుకున్నావంటే కాళ్ళు విరగ్గొడతా.

(చివరి వాక్యం ఉన్నదున్నట్టే రాశాను. షైని.)

రోసమ్మ


లాంచీలో, కైనకరి దారి,
1994 సెప్టెంబర్ 19, సోమవారం

చేచీ,

లాంచీ ఊగుతోంది, అక్షరాలు కూడా. చదువుకో ఎలాగో.

నాకు తెలియదు చేచీ. ఆ నాలుగు కారణాలూ నువ్వు చెప్పినవే అనుకున్నాను. నువ్వు రాశాక ఎన్ని రోజులు ఆలోచించినా, ఎక్కడ నీ మాట ఆగిందో ఎక్కడ నాది మొదలైందో గుర్తు రావడం లేదు. జవాబు రాయకపోవడానికి అదే కారణం.

పోయిన నెల అప్పచ్చన్‌కి, అమ్మచ్చికి జనవరి సంగతి చెప్పేశాను. నీ సంగతి చెప్పలేదు, అది నువ్వు చెప్పుకోవాలి. మర్నాడు లాంచీలో కొచ్చన్నమ్మ "అక్క కోసం ఏడాది వదులుకున్న బంగారుతల్లి" అని నన్ను ఎవరికో చూపిస్తుంటే, "కాదు కొచ్చన్నమ్మా, దానికి భయమేసి రాయలేదు. ఈసారి రాస్తుంది" అని అప్పచ్చన్ ఇంజను చప్పుడు మీద కేకేసి చెప్పాడు. సిగ్గుతో చచ్చిపోయాను. తర్వాత ఎందుకో కుదుటపడింది. అమ్మచ్చి కూరలో ఇప్పుడు ఉప్పు ఒక్కసారే వేస్తోంది.

ఇవాళ మొదటి పేపరు. మార్జిన్ గీశాను. ఒకటి అని అంకె వేశాను. ఆగాను. పది నిమిషాలు అలాగే ఉన్నాను. చెమట కాగితం మీద పడింది. అప్పుడు మోకాలితో బల్లని మూడుసార్లు కొట్టాను. గట్టిగానే కొట్టినట్టున్నాను. కాపలా సిస్టర్ పరుగున వచ్చి, "ఏంటమ్మా బల్ల కింద?" అని వంగి చూసింది. నా మోకాలు తప్ప ఏమీ లేదు. "రాసుకో, రాసుకో" అని వెళ్ళిపోయింది.

మొదటి వాక్యం ఏమంత మంచిది కాదు. కొట్టేయలేదు. రెండోది దాని వెనకే వచ్చింది.

మూడో ప్రశ్న మధ్యలో మళ్ళీ ఆగాను. నువ్వు ఊపిరి తీసుకునేలాంటి చోటు. ఆ చోట నేనెప్పుడూ ఆగేదాన్ని కాదన్నావు. ఇవాళ ఆగాను. తలెత్తి చూశాను. ఎదురుగా గోడ ఉంది, గడియారం ఉంది. గంటా పది నిమిషాలు మిగిలి ఉంది. తల దించి రాశాను.

ఆరు ప్రశ్నలకి నాలుగున్నర. చాలో లేదో తెలియదు. ఇంకా నాలుగు పేపర్లున్నాయి. రేపటి దాని కోసం అరచేతులు ఇప్పుడే తడుస్తున్నాయి.

మన రేవు వచ్చేస్తోంది. ఈ ఉత్తరం ఒక్కసారే మొదలుపెట్టాను. చింపలేదు.

లిస్సీ